రెండు హెల్మెట్లు, ఒక తువ్వాల

శనివారం పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేసి లోపలికి వచ్చిన నర్మదకు బియ్యం డబ్బా మీద రెండు తలకాయలు కనిపించి గుండె జల్లుమంది. ఆ మసక వెలుతురులో అట్లాగే ఉన్నాయి మరి. దగ్గరికి వెళ్లి చూస్తే హెల్మెట్లు. ఒకటి ఎర్రది, చెవుల పైదాకానే వచ్చి ముఖాన్ని వదిలేసేది. రెండోది తెల్లది, నోటినీ గదవనూ కూడా మూసేసి కళ్ల ముందు అద్దం దించుకునేది. నిన్న సుల్తానాబాద్ నుంచి వచ్చిన భర్త సిద్దిరాములు వాటిని అక్కడ పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా పడుకున్నాడు.

చాయ్ తాగే వేళకు అత్త సత్తమ్మ వాటికి పేర్లు కూడా పెట్టేసింది. ఎర్రది బోడి టోపీ, తెల్లది మూతి టోపీ. చక్కెర అడగడానికి వచ్చిన పక్కింటి కమలవ్వ తెల్లదాన్ని తిప్పి తిప్పి చూసి, ఇదేం కుక్కరు, ఎందరికి సరిపడా వండొచ్చని అడిగింది. ఇల్లంతా నవ్వింది. నర్మద మాత్రం నవ్వలేదు.

సిద్దిరాములుకు మందమర్రి మెయిన్ రోడ్డు మీద జీపులు బాగుచేసే షెడ్డు ఉంది. సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లున్న సీతారాంరావుకేమో పందేల పిచ్చి. ఆయనలాంటి సరదా మనుషులు ఓ పదిమంది కలిసి, గోదావరి అవతల వాడకం లేక పాడుబడ్డ విమానాల మైదానంలో ఏడాదికి రెండుసార్లు జీపులు ఉరికిస్తారు. గెలిస్తే వచ్చేది ఒక ఇత్తడి కప్పు, నాలుగు చప్పట్లు. సీతారాంరావుకు నడుము పట్టేసిన నాటి నుంచి ఆయన జీపును నడిపేది సిద్దిరాములే. ఈసారి ఆయన రెండు హెల్మెట్లూ ఇచ్చి, కుదిరింది పెట్టుకుని రెండోది తెచ్చియ్యమన్నాడట. పందెం రేపే.

ఆ జీపుకు పైన గుడ్డ లేదు, ముందు అద్దమూ లేదు, బరువు తగ్గాలని అన్నీ పీకేశారు. ముందు పోయే బండి చక్రం కింది రాయి నేరుగా వెనకవాడి ముఖానికే వస్తుంది. పోయినసారి పందెంలో ఇట్లాగే బోడి టోపీ పెట్టుకున్న పెద్దపల్లి డ్రైవరుకు రాయి తగిలి దవడ విరిగింది. నర్మద అతన్ని చూసింది. పళ్లకు తీగ కట్టి ఉంటే, పెళ్లాం చెంచాతో గంజి పోస్తోంది. ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే, రేపు తన భర్త ముఖం ఆ తెల్లదాని లోపల ఉండాలి.

కానీ ఆ ఇంట్లో ప్రాణాల సంగతి వస్తే మాట మామది. హనుమంతు బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు టింబర్ పని చేసి, ఒంటి మీద గీత పడకుండా రిటైరైన మనిషి. టింబర్ పనంటే తవ్వినచోట పైకప్పు కూలకుండా కింద మొద్దులు నిలబెట్టడం. నిలబెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి చెవి ఒగ్గి వినాలి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే అక్కడ నిలబడకూడదు. బాయి వదిలినా ఆ అలవాటు వదల్లేదు. కుండను కొట్టి చూస్తాడు, గోడను కొట్టి చూస్తాడు, పెళ్లికి పోతే పందిరి గుంజను కూడా కొట్టి చూస్తాడు.

హెల్మెట్లనూ కొట్టి చూశాడు. తర్వాత తెల్లది తలకు తగిలించుకుని, వెనక నిలబడి ఏదో ఒకటి మాట్లాడమని పెళ్లానికి చెప్పాడు. సత్తమ్మ ఇదే సందని ముప్పై ఏళ్లుగా దాచుకున్న కోపాలన్నీ ఒక్క ఊపున కక్కేసింది. ఆయనకు సగం కూడా వినబడలేదు. హెల్మెట్ తీసి, ఇది పనికిరాదు పొమ్మన్నాడు. ప్రాణం చెవుల్లో ఉంటుందని, కళ్లు ముందున్నదే చూస్తాయని, వెనక నుంచి ఎవడు మీదికొస్తున్నాడో చెవే చెప్తుందని, ఎప్పటి పాటే మళ్లీ పాడాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సిద్దిరాములు కూడా తలూపాడు. మూతిదాంట్లో ఊపిరికి అద్దం మసకబారుతోందట, ఇంజిన్ చప్పుడు సరిగా వినబడకపోతే గేరు మార్చడం కష్టమట. బాపు మాట ఎన్నడూ తప్పు పోలేదు కనుక బోడిదే ఖాయమని చెప్పి షెడ్డుకు పోయాడు.

నర్మద మధ్యాహ్నం దాకా ఓపిక పట్టింది. అన్నాలయ్యాక మామ అరుగు మీద కూర్చుని ఎర్రదాని పట్టీ బిగిస్తుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. మామకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. పెద్దపల్లి డ్రైవరు సంగతి చెప్పి, రాయి వచ్చేది చెవికి వినబడుతుందా అని మెల్లగా అడిగింది. హనుమంతు పట్టీ వదిలి తలెత్తాడు. నర్మదకు తెలుసు ఏ మాట రాబోతోందో. పద్దెనిమిదేళ్లుగా వింటున్న మాట.

"మీ బాపును యాది చేస్కో బిడ్డా. పై నుంచి నీళ్లు కారుతున్నయని తువ్వాల చెవుల మీదికి గుంజి కట్టుకున్నడు. మొద్దు ఇరిగే సప్పుడు నాకు ఇనబడ్డది, ఉరికిన. వెంకటి బావకు ఇనబడలే. చెవులు మూసుకున్నోడు పోయిండు, తెరుసుకున్నోడు నీ ముందట కూసున్నడు."

వెంకటి నర్మద తండ్రి. హనుమంతుతో ఒకే షిఫ్టు, ఒకే జట్టు. చుట్టరికం లేకపోయినా బావా బావా అని పిలుచుకున్నారు. ఆయన పోయేనాటికి నర్మదకు ఆరేళ్లు. ఊళ్లో ఎవరు ఆ సంగతి ఎత్తినా చివరికి తువ్వాల దగ్గరే ఆపేవారు, పాపం తన చేతులారా చేసుకున్నాడని. ఆమె తల వంచుకుని వినేది. ఈరోజు మాత్రం వంచుకోలేదు.

"మామా, గా దినం మా బాపు ఏ తువ్వాల కట్టుకున్నడు?"

"ఏ తువ్వాలేంది? నీలం గీతలది. బావకు ఉన్నదే గదొక్కటి."

"నీలం గీతల తువ్వాల మా అవ్వ పెట్టెల ఉన్నది. గా పొద్దు దండెం మీదనే మర్చిపోయి పోయిండు. గడప దాటినోన్ని ఎనుకకు పిలువద్దని అవ్వ పిలువలే." తల్లిని తలుచుకుని నర్మద ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఎవలదో మందం గుడ్డ అడిగి కట్టుకున్నడేమో, మా పల్చటి తువ్వాల ఇచ్చి పంపితే సప్పుడు ఇనబడుండునేమో అని అవ్వ ఇప్పటికీ ఏడుస్తది. నువ్వు మర్చిపోయి చెప్తున్నవనుకున్న. పెద్దోనివని ఊకున్న. గని గిప్పుడు గా కథ చెప్పి నా మొగన్ని ఉత్త మొఖంతోని పంపుతున్నవు."

హనుమంతు చేతిలోని హెల్మెట్ జారి అరుగు మీద దొర్లింది. లోపల బియ్యం చెరుగుతున్న సత్తమ్మ చాట ఆగింది. అన్నానికి ఆలస్యంగా వచ్చిన సిద్దిరాములు గ్రీజు చేతులతో వాకిట్లోనే నిలబడిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసినా, పద్దెనిమిదేళ్లు కడుపులో దాచింది ఆ మనిషికి ఆ మధ్యాహ్నం దాగలేదు.

"తువ్వాల లేదు బిడ్డా," అన్నాడు. "బావ జర దూరంల పట్టాల మీద మొద్దుల టబ్బు నూకుతుండె. టబ్బు మోతల ఆయనకు ఇనరాలే. నాకు ఇనబడ్డది. ఒక్క కేకేస్తే అయిపోతుండె. బావా అంటే చాలు, ఉరికొచ్చేటోడు. కాళ్లు ఉరికినయి, నోరు రాలే. బయట పడ్డంక ఒర్రిన. అప్పటికే కూలింది."

ఆయనే మళ్లీ అందుకున్నాడు. మర్నాడు ఆఫీసర్లు వచ్చి, నీకు వినబడింది అతనికెందుకు వినబడలేదని అడిగారట. నోట్లోంచి తువ్వాల అన్న మాట ఎట్లా వచ్చిందో వచ్చింది. కాగితం మీద ఎక్కింది, ఊరికెక్కింది.

"చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చింది," అన్నాడు.

నర్మద వెనక పెరట్లోకి పోయి నల్లా దగ్గర కూర్చుంది. ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట. చిన్నప్పుడు ఈ మామే భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయాడు. వెంకటి బిడ్డ నా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టి కోడలిని చేసుకున్నాడు. జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని విసనకర్రతో తెల్లార్లూ విసిరాడు. అందులో ప్రేమ ఎంతో, చేసిన తప్పుకు తీర్చుకున్నది ఎంతో ఇప్పుడు ఆమెకు తెలియడం లేదు. తండ్రి తన తప్పుతో పోయాడని ఇన్నేళ్లు సిగ్గుపడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సిద్దిరాములు వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయాడు. రేపు పందెం వద్దులే అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నాలుగు నెలలుగా ఆ జీపు మీద పడుకుని లేచిన మనిషి ఆయన, అది ఆమెకు తెలుసు. పొమ్మంది, తెల్లది పెట్టుకుని పొమ్మంది. సరేనని, ఇంజిన్ ఊపు సీటు కింద ఒంటికే తెలుస్తుందని, అద్దానికి లోపల సబ్బు రుద్దితే మసక పట్టదని తానే చెప్పాడు. పొద్దున ఎందుకు తట్టలేదో ఆ ఉపాయం.

దీపాలు పెట్టే వేళకు హనుమంతు పెరటి గడప దాకా వచ్చి ఆగాడు. అన్నం తిను బిడ్డా అన్నాడు. నర్మద లేచి నిలబడింది.

"నాకు చెప్తే అయిపోదు మామా. మా అవ్వకు చెప్పాలె. నీ నోటితోనే."

ఆయన తలూపి, రేపు పందెం కాగానే మంథనిలో మీ అవ్వ దగ్గరికి పోదాం, నువ్వూ రా అన్నాడు.

ఆదివారం మైదానంలో జీపులు వరుసగా నిలబడ్డాయి. హనుమంతు తెల్ల హెల్మెట్‌ను తానే కొడుకు తలకు తొడిగి, గదవ కింద పట్టీ బిగించాడు. వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. లోపల కొడుకు బొటనవేలు ఎత్తి చూపించాడు. మామ వచ్చి నర్మద పక్కన నిలబడ్డాడు.

తొమ్మిదో చుట్టులో ముందున్న జీపు మలుపు దగ్గర జారి అడ్డం తిరిగింది. దాని వెనకే సిద్దిరాములు, ఎర్ర దుమ్ములో ఇద్దరూ కనబడలేదు. హనుమంతు ఒర్రాడు. "సిద్దూ, బండి అడ్డమున్నది, తిప్పు" అని గొంతు చించుకుని ఒర్రుతూ తాడు దాటి ఉరికాడు. ఇంజిన్ల మోతలో ఆ కేక పక్కనున్న నర్మదకు తప్ప ఎవరికీ వినబడి ఉండదు. దుమ్ములోంచి జీపు పక్కకు తిరిగి బయటికి వచ్చి వెళ్లిపోయింది. ఆయన మాత్రం ఇంకా ఒర్రుతూనే ఉన్నాడు. నర్మద పోయి చేయి పట్టుకుని వెనక్కి తెచ్చింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

సిద్దిరాములు మూడో స్థానంలో వచ్చాడు. హెల్మెట్ తీసి చూస్తే గదవ దగ్గర వేలెడు పొడవున రంగు లేచిపోయి గాటు పడి ఉంది. హనుమంతు ఆ గాటు మీద వేలు పెట్టి తడిమి, హెల్మెట్‌ను కోడలి చేతికిచ్చాడు.

పెద్దపల్లిలో బస్సు మారి మంథని చేరేసరికి పొద్దు వాలింది. నర్మద తల్లి శంకరవ్వ తమ్ముడి ఇంటి వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. చెప్పాపెట్టకుండా వచ్చిన, తాను అన్నా అని పిలిచే హనుమంతును, బిడ్డను చూసి కంగారుగా లేవబోయింది. హనుమంతు ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. చెల్లె అన్నాడు గానీ మాట బయటికి రాలేదు, మైదానంలోనే గొంతు పోయింది. సాయం కోసం నర్మద వైపు చూశాడు. నర్మద గోడకు ఆనుకుని నిలబడి, తల అడ్డంగా ఊపింది.

"చెల్లె," బొంగురు గొంతుతో మళ్లీ మొదలుపెట్టాడు. "బావ తువ్వాల కట్టుకోలే. ఎవ్వల గుడ్డా కట్టుకోలే. నేను ఒర్రలే. ఒర్రితే బతుకుతుండె."

శంకరవ్వ వేళ్ల మధ్య దారం ఆగిపోయింది. "మరి నేను ఎనుక ఉరికొచ్చి తువ్వాల ఇచ్చినా..."

"ఇచ్చినా గంతే చెల్లె. నీది తప్పు లేదు. బావది తప్పు లేదు."

ఆమె లేచి ఇంట్లోకి పోయింది. ఇనుప పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది. నీలం గీతల తువ్వాలతో తిరిగి వచ్చి అన్న ముందు నిలబడింది. ఇన్నేండ్లా అన్నా, అంటూ ఆ మడత తువ్వాలతో ఆయన భుజం మీద కొట్టింది, ఒకసారి, రెండుసార్లు, ఏడుస్తూ కొట్టింది. ఆయన కదలకుండా దెబ్బలు తిన్నాడు. చెయ్యి అలిసిపోయాక తువ్వాలను ఆయన ఒళ్లో వదిలేసి పక్కనే కూలబడింది. హనుమంతు దాన్ని ముఖానికి అదుముకుని పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపుకు కూడా గొంతు రాలేదు.

శంకరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని బిడ్డ వైపు తిరిగింది.

"చాయ్ పెట్టు నర్మదా," అంది. "అల్లం దంచి ఎయ్యి. మీ మామకు గొంతు పోయింది."