పన్నెండో గడప

చేతి తొడుగు చురుక్కుమంది. టీ తాగింది చాలని దానర్థం. సోమలింగాచారి సగం గ్లాసు అరుగు మీదే వదిలేసి, రంపం సంచీ భుజాన వేసుకుని ఆ రోజు నాలుగో పనికి నడిచాడు. ఎంతో దూరం ఉండదు. తలుపు పాడైన ఇంటికి దగ్గర్లో ఏ వడ్రంగి ఉంటే అతన్నే పిలుస్తుంది కుదురు, ఊళ్లో ఇళ్లన్నిటినీ కొలుస్తూ కాపలా కాసే యంత్రం. చేరువ మేస్త్రి నియమం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. వచ్చేది పక్కింటి మేస్త్రే, కానీ నోరు విప్పకూడదు. ఏం పాడైందో కుదురు చెబుతుంది, మేస్త్రి కోస్తాడు. ముప్ఫై ఏళ్లు చెక్కతో బతికినవాడి చేయి కావాలి, బుర్ర మాత్రం అక్కర్లేదు!

"పని నిర్ణయం," అంది చెవిపూసలోంచి కుదురు గొంతు. "జాలరి వీధి, ఇరవై ఏడో ఇల్లు. తలుపు పట్టేసింది. కారణం కుంగుడు, నాలుగు మిల్లీమీటర్లు. పాత ద్వారబంధాన్ని గడపతో సహా కోసి తీయండి. ఫ్యాక్టరీ పోతచెక్క బంధం బిగించండి."

ఆ వీధిలో ఇప్పటికే పదకొండు ఇళ్లు కుంగినట్టు తేలాయి. ఆ పదకొండు గడపలూ సోమలింగాచారి తన చేత్తోనే కోశాడు. పన్నెండో ఇల్లు కుంగితే వీధి వీధంతా ఖాళీ చేయించాలని నియమం. నలభై కుటుంబాలనీ సముద్రానికి పాతిక కిలోమీటర్ల అవతల, ఇరవై రెండో అంతస్తులో పెడతారు. వలలు ఆరేసుకోవడానికి బాల్కనీ ఇస్తారట.

నూకరత్నం కొంగు నడుముకి బిగించి వాకిట్లోనే నిలబడి ఉంది. ఎండుచేపలు అమ్మి ముగ్గుర్ని పెంచిన మనిషి.

"వచ్చేవా మారాజా? పదకొండు కొంపలు సాల్లేదా?"

"కుదురు పంపింది, నూకరత్నమ్మా. నానేటి సేసేది?"

"అది గడ్డి తినమంటే తింతావేటి? మా మావ కట్టిన ఇల్లిది. తుపాన్లకే కదల్నేదు. కుంగితే, లోపల పడుకున్నదాన్ని, నాకు తెల్దా?"

అతను రంపం తీశాడు. గడప నిగనిగలాడుతోంది. పసుపు రంగు, దాని మీద ఎర్ర బొట్లు. పసుపు రాస్తే ఉప్పుగాలికి రెండు రోజులు ఆగదని, ఆ వీధి ఆడవాళ్లంతా ఏనాడో పడవలకేసే పెయింటుకి దిగారు. అతను రంపం ఒకసారి లాగాడు. పసుపు పొడి రాలింది. మళ్లీ లాగాడు. పసుపే. మూడోసారీ పసుపే. చెక్క తగలదేం?

చేయి ఆగిపోయింది.

పదకొండు ఇళ్లలోనూ ఇలాగే రాలింది. చూశాడు. చూసి, నోటితో ఉఫ్ మని ఊదేసి, కోసుకుంటూ పోయాడు.

"పని ఆగింది," అంది చెవిలో కుదురు. "కొనసాగించండి."

"నువ్వుండవే! నూకరత్నమ్మా, ఈ రంగెన్నాళ్లకోపాలి ఏస్తావు?"

"పండక్కోపాలి. ఏడాదికి నాలుగు. ఇదిగో, గుమ్మం మీద ఈ కుదురు కన్ను బిగించిన యేడే మా కోడలొచ్చింది. ఇరవయ్యేళ్లనించీ అదే ఏస్తంది."

"పాతది గోకి ఏస్తారా?"

"ఓలమ్మో! గడప గోకుతారేటి ఎవులైనా? లచ్చిందేవి సక్కా పోద్ది."

రంపం గాట్లో ఉలి మొన పెట్టి వెడల్పు చేశాడు. ఉల్లిపాయ పొరల్లా పసుపు మీద పసుపు, దాని మీద పసుపు. ఎనభై పూతలు! కొలబద్ద ఆనించాడు. సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు.

కుదురు కన్ను ఇంటిని కొలిచేది గడప నుంచే. గడపే దానికి సున్నా. గడప ఎదగదని ఎవడో చల్లటి గదిలో కూర్చుని రాసిపడేశాడు. గడప ఎదిగితే ఆ కంటికి నేల దిగినట్టుంటుంది, గుమ్మం పైచెక్కా దిగినట్టుంటుంది. ఇంకేముంది, ఇల్లు కుంగినట్టే! రాసినవాడి ఇంట్లో గడప ఉండి చావదు.

"ఇల్లు కుంగలేదు. ఇది రంగు," అన్నాడు సోమలింగాచారి.

"రంగు కారణాల జాబితాలో లేదు. కోత కొనసాగించండి. తొడుగు తీస్తే మీ మేస్త్రి ముద్ర రద్దవుతుంది."

ముద్ర పోతే పని లేదు. రేపటి నుంచి ఏ ఇంటికీ అతన్ని కుదురు పిలవదు. ఒక్క క్షణం చేతికేసి చూసుకున్నాడు. పదకొండు ఇళ్ల పొడి ఇంకా ఆ తొడుగు కుట్లలోనే ఉంది. పళ్లతో పట్టీ లాగి, తొడుగూ చెవిపూసా కలిపి ఎండుచేపల తట్టలోకి విసిరాడు.

"గడప గోకాల. లచ్చిందేవి సంగతేటి మరి?"

నూకరత్నం గడపకేసి చూసింది, అతనికేసి చూసింది. "ఆయమ్మకైనా ఇల్లుండాల గదా ఉండడానికి. ఇటు తే ఉలి. నా గడప నానే గోకుతాను. పాపమైతే నాకే."

"అలా గుచ్చకు, పడుకోబెట్టి తొయ్యి."

"ఆపాటి తెల్దేటి? నలభయ్యేళ్లు సేపల పొలుసు గీకేను."

అతను సంచీలోంచి ఇంకో ఉలి తీశాడు. ఇద్దరూ చెరో కొసన కూర్చుని గీకారు. పెచ్చులు ఊడి వాకిలంతా పచ్చబడింది. అడుగున టేకు, పుట్టినప్పటి రంగులోనే ఉంది. నూకరత్నం లేచి తలుపు తోసింది. టక్ మని పడింది. తెరిచి, మళ్లీ వేసింది. టక్. మూడోసారి లోపలికెళ్లి మరీ వేసుకుంది. తలుపు వెనకాల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

గుమ్మం మీది కన్ను ఎర్రబడి, ఆరి, వీధి మొత్తానికి వినబడేలా మాట్లాడింది.

"ఇరవై ఏడో ఇల్లు నాలుగు మిల్లీమీటర్లు లేచింది. ఇళ్లు లేవవు. ఇళ్లు లేవవు. సున్నా సందేహాస్పదం. జాలరి వీధి కుంగుడు లెక్కలన్నీ నిలిపివేత. నలభై ఇళ్లూ తిరిగి కొలవాలి. చేరువ మేస్త్రి కోసం వెతుకుతోంది... చేరువలో ముద్ర ఉన్న మేస్త్రి లేడు."

సోమలింగాచారి అరచేయి తొడ మీద తుడుచుకున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆ చేతికి గాలి తగులుతోంది.

ఎదురింటామె అప్పటికే చీపురు పడేసి వచ్చింది. "ఆచారి బాబూ, మా గడప కూడా సూడవా? కుదురుకి సెప్పక్కర్లేదు. నానే పిలుస్తన్నాను."

"మాదీ," అంది ఇంకో గొంతు. "ముందు మాది," అంది మరొకటి.

"వస్తాను, అందరికీ వస్తాను," అన్నాడతను. "ముందు నా టీ తాగనీండి. సగమే తాగేను."