పొయ్యిలో వేయబోయిన వీరుడు

శనివారం ఉదయం. ద్రావా నది మీంచి లేచిన పొగమంచు ప్తూయ్ అనే చిన్న ఊళ్ళోకి నడిచొచ్చి ఇళ్ళ కిటికీలకు ఆనుకుని నిలబడింది. కొండమీది కోట లేదు, వంతెన లేదు. ఎదురింటి ఎర్ర పెంకులు మాత్రం కింద గోడలేవీ లేనట్టు గాలిలో తేలుతున్నాయి. సిల్వో వంటింట్లో పొయ్యి రాజేసి, రాగి గిన్నెలో కాఫీ కాచి, బల్ల మీద రొట్టె కోసే చెక్కనీ ఉప్పు డబ్బానీ వాటి చోట్ల పెట్టాడు.

'పొగమంచు సీమ' అనే కార్డుల ఆటలో కొత్త వీరులు బయటికొచ్చిన రోజు అది. ఆ ఆట ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడి కార్డు ఎంచుకుని, ఆ వీరుడికి తగిన సైన్యాన్ని మిగతా కార్డులతో పేర్చుకుంటారు. ఏ వీరుడు నెగ్గుకొస్తాడో, ఎవడు మూలపడతాడో ముందే పసిగట్టడంలో సిల్వోకి పేరుంది. పాత బజారు వీధిలో అతనికి కార్డుల దుకాణం కూడా ఉంది. కొత్త వీరులొచ్చినప్పుడల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చుని అతను తీర్పు చెబుతాడు, కూతురు జివా వీడియో తీసి నెట్‌లో పెడుతుంది. పొరుగు దేశాల్లో, జాగ్రెబ్‌లో, గ్రాజ్‌లో ఉన్న ఆటగాళ్ళు కూడా చూస్తారు. జివా అచ్చు తీసి ఇచ్చిన కాగితం కార్డుల్లో మంచిది రొట్టె చెక్క మీదకి వెళుతుంది. అటూ ఇటూ కానిది ఉప్పు డబ్బా కిందకి. పనికిరానిది పొయ్యి పక్కన కట్టెల మీదకి, వీడియో చివర్లో పొయ్యిలోకి.

ఒకప్పుడు తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని వాదులాడుకుంటూ చెప్పేవాళ్ళు. వసంతం నుంచి జివా కెమెరా వెనకే ఉండిపోతోంది.

"ఇవాళైనా వచ్చి పక్కన కూర్చోరాదూ? జనం అడుగుతున్నారు, మీ అమ్మాయితో పోట్లాడారా అని."

"గొంతు బాగాలేదు నాన్నా."

"ఏప్రిల్ నుంచీ బాగాలేదు నీ గొంతు. ఇంత కాలం నిలిచే జలుబుంటుందని డాక్టర్లకి తెలిస్తే నిన్ను గాజు పెట్టెలో పెట్టి చూపిస్తారు." కాఫీ తాగి కప్పు పక్కన పెట్టాడు. "సరేలే, గొంతుతో పనేముంది. పోర్చుగల్‌లో జరిగే కార్డుల పోటీలో చేతులతోనేగా ఆడేది. పేర్లివ్వడానికి ఇవాళే ఆఖరు. మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళగానే నీ పేరు పంపేస్తాను."

 జివా కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచింది. అది అంతకు ముందే తుడిచిన అద్దం.

మొదటి కార్డు ఎలుగుబంటి మీద స్వారీ చేసే రాణిది. సిల్వో దాన్ని చేతిలోకి తీసుకుని, మీద ఉన్న అంకెలు చదివి, కళ్ళు మూసుకున్నాడు. అతని పద్ధతే అంత. కార్డు ముందు కళ్ళు మూసుకుంటే చాలు, వంటిల్లు మెల్లగా కరిగిపోయేది. మంచు కప్పిన దేవదారు అడవిలో రాణి నడిచొస్తుంది, ఎలుగు పాదాల కింద కొమ్మలు విరుగుతాయి, అవతలి సైన్యం చెట్ల చాటుకి జరుగుతుంది. ఆట మొత్తం మొదటి ఎత్తు నుంచి చివరి దాకా కలలాగా జరిగిపోయేది. కళ్ళు తెరిచేసరికి తీర్పు సిద్ధంగా ఉండేది.

"ఈవిడ దగ్గర తొందరుంది. ఎదుటివాడు కార్డుల కట్ట సర్దుకునేలోపు గుమ్మంలో ఉంటుంది." కార్డు రొట్టె చెక్క మీదకి వెళ్ళింది.

రెండోది సముద్రం అడుగున ఉండే మంత్రగత్తె. ఎదుటివాళ్ళ మంత్రాలు దొంగిలిస్తుంది. "దొంగిలించడానికి ఎదుటివాడి దగ్గర ఏదైనా ఉండాలి కదా. ఖాళీ ఇంటికి కన్నం వేస్తే ఏముంటుంది?" అని ఉప్పు డబ్బా కిందకి తోశాడు.

మూడో కార్డు అందించే ముందు జివా దాని అంచుల్ని రెండుసార్లు సరిచేసింది. సిల్వో గమనించలేదు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. బొమ్మ వైపు చూడకుండా కార్డుని దూరంగా పట్టుకుని కింది పెద్ద అక్షరాలు మాత్రం చదివాడు.

"రేవు కాపరి. రంగంలోకి దించడానికి నాలుగు రత్నాలు. ఎప్పుడూ దాడి చెయ్యడు. అతను దీపం పట్టుకుని ఉన్నంతసేపూ మన వైపు పడిపోయిన యోధులు చావరు, పొగమంచులో ఆగి ఉంటారు. మన వంతులో ఎవరిమీదా దాడి చెయ్యకుండా ఊరుకుంటే, వాళ్ళలో ఒకరు తిరిగొస్తారు."

కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు, రెల్లు, తెల్లని పొగ. ఎవరో కూర్చుని ఉన్నారు. ఏమీ జరగడం లేదు. సిల్వో ఎదురుచూశాడు. అక్కడ ఇంకా ఏమీ జరగడం లేదు.

"వీడు వీరుడేంటి?" అన్నాడు కళ్ళు తెరిచి. "నాలుగు రత్నాలు పోసి కుర్చీ కొనుక్కున్నట్టుంది. ఆటంటే ముందుకెళ్ళడం. కూర్చున్నవాడు గెలవడు. ఎవరు తయారుచేశారో గానీ, జన్మలో ఒక్క పోటీలో అయినా ఆడి ఉండరు." కార్డు కట్టెల మీద పడింది.

జివా కెమెరా ఆపేసింది.

"అయిపోలేదుగా, ఇంకా రెండున్నాయి."

"నేను తయారుచేశాను నాన్నా."

"ఏంటి, కాఫీయా?"

"ఆ కార్డు."

పొయ్యిలో ఒక కట్టె విరిగి కూలింది. సిల్వో నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయాడు.

"ఏప్రిల్ నుంచి ఆ కంపెనీలో పనిచేస్తున్నాను," అంది జివా. "అనువాదాలు చేస్తున్నానని నీకు చెప్పింది ఇదే. కార్డులు బయటపడేదాకా ఇంట్లో కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. వాళ్ళ మనిషినై ఉండి వాళ్ళ కార్డుల మీద తీర్పు చెప్పకూడదు కదా. అందుకే కెమెరా వెనక ఉన్నాను. వచ్చే నెల నుంచి బ్ర్నో నగరంలో ఉన్న ఆఫీసుకి వచ్చేయమన్నారు. వస్తానని చెప్పాను."

"మరి పోటీ?"

"కంపెనీ వాళ్ళు పోటీల్లో ఆడకూడదు. ఇంక నేను ఆడను నాన్నా."

సిల్వో లేచి నిలబడ్డాడు. బల్ల కదిలి కాఫీ కప్పు గలగలమంది.

"వేసవంతా దుకాణం మూశాక కూర్చుని నీకోసం కట్టలు పేర్చాను. ఈ కార్డుంటే బాగుంటుందా, ఆ కార్డుంటే బాగుంటుందా అని నేనడిగితే నువ్వు తలూపావు. ఊరికే ఊపావన్నమాట."

"చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది."

"నోటి దగ్గర సంతకం అడ్డొచ్చింది. కాగితం మీద గీత ఎక్కువా, నేనెక్కువా?" అతను బల్ల మీద వేలితో ఒక గీత గీసి చూపించాడు. "ఇవాళైనా ముందు చెప్పి ఉండొచ్చు. నాకు కార్డిచ్చి, కెమెరా ముందు నా చేత మాట్లాడించి, తమాషా చూశావు."

"నేను చేశానని తెలిస్తే నువ్వు నిజం చెప్పవు. నాకు నీ నిజం మాట కావాలనిపించింది."

"విన్నావుగా. గెలవడం నేర్పాను నీకు. కూర్చుని ఉండే ముసలాణ్ణి తయారుచేయడానికా నేర్పింది?"

జివా పెదాలు బిగించింది. చిన్నప్పటి నుంచీ ఏడుపు ఆపుకోవడానికి ఆమె చేసే పని అదే. "నేను పోర్చుగల్‌లో గెలిస్తే నువ్వు అప్పుడు వెళ్ళలేకపోయిన చోటికి వెళ్ళినట్టవుతుందని నీ ఆశ. నాకు తెలుసు. ప్రతి పోటీకీ ఆ బరువు మోసుకుని కూర్చున్నాను. నాకు ఆడటం కన్నా ఆ మనుషుల్ని తయారుచేయడం ఇష్టం నాన్నా. ఒక మనిషి ఏం చేయగలడు, ఏం చేయలేడు అని ఆలోచించడం ఇష్టం. చెబితే నువ్వు ఇలాగే చూస్తావని భయపడ్డాను."

అప్పుడే వీధి తలుపు తీసుకుని దరింకా లోపలికి వచ్చింది. జివా తల్లి. శనివారం సంత నుంచి ఉల్లికాడలూ, గుమ్మడిగింజల నూనె సీసా, కాగితం పొట్లంలో వేయించిన చెస్ట్‌నట్ కాయలూ తెచ్చింది. జుట్టు మీద మంచు చుక్కలు పేరుకుని ఉన్నాయి.

"మలుపు దాకా వినపడుతున్నారు ఇద్దరూ. పొగమంచులో మనిషి కనపడడు గానీ మాట మాత్రం నేరుగా చెవిలోకే వస్తుంది," అంటూ బుట్ట దింపి, పొయ్యిలో కట్టె వేయడానికి వంగింది. వంగినది అలాగే ఆగింది. "ఇదేంటి, సిల్వో బొమ్మని కట్టెల మీద పడేశారు?"

తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి కట్టెల వైపు చూశారు.

"నా బొమ్మా?" అన్నాడు సిల్వో.

"మరి ఎవరిది? ఎడమ భుజం కిందికి దిగి, మెడ పక్కకి పెట్టి... దేవుడి ముందు కూర్చోబెట్టినా ఇలాగే కూర్చుంటావు నువ్వు. ఈ కోటు చూడు. మోచేతి దగ్గర చినిగితే నేనే కుట్టాను, నీలం దారం దొరక్క ఆకుపచ్చ దారంతో. ఇక్కడ కూడా ఆకుపచ్చే ఉంది." ఆమె కూతురి వైపు చూసింది. "బొమ్మ గీసినవాళ్ళకి నువ్వే ఫొటో ఇచ్చావా?"

జివా తలూపింది.

సిల్వో కార్డు తీసుకుని కళ్ళజోడు నుదుటి మీంచి కిందకి దించుకున్నాడు. ఈసారి బొమ్మని చూశాడు. రెల్లు మధ్య చిన్న రేవు. ఒడ్డున ఒక మనిషి స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్ళో పేక ముక్కల్లాంటివేవో పరిచి ఉన్నాయి. చేతిలో దీపం మాత్రం పాతకాలపు లాంతరు కాదు. మెడ వంగిన, మంచం పక్కన పెట్టుకునే దీపం.

అతనికి ఆ దీపం తెలుసు. జివాకి ఏడేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బు చేసి, చలికాలమంతా కొండల్లో ఆసుపత్రిలో ఉంది. ఆ చలికాలమే బార్సిలోనాలో ఈ ఆట తుది పోటీ. సిల్వో పేరు అందులో ఉంది. వెళ్ళలేదు. మధ్యాహ్నాలు కిటికీ బయట మంచు దట్టమై గది చీకటి పడేది. అతను ఆ దీపం వెలిగించి మంచం పక్కన కార్డులు పరిచేవాడు. జ్వరంలో ఉన్న పిల్ల కళ్ళు మూసుకోవడానికి భయపడేది. కళ్ళు మూస్తే ఎక్కడికో వెళ్ళిపోతానని, దారి తెలియదని ఏడ్చేది.

"నువ్వు వెళ్ళిరా అన్నావు నాతో," అంది జివా మెల్లగా. "భయం లేదు, నేనెక్కడికీ కదలను, దీపం ఆర్పను, ఆ వెలుగు చూసుకుంటూ వచ్చేయ్ అన్నావు. నేను నిజంగానే ఎక్కడికో వెళ్ళేదాన్ని నాన్నా. అక్కడంతా తెల్లగా ఉండేది. దూరంగా పసుప్పచ్చగా ఒక చుక్క కనిపించేది. ఆ చుక్క వైపు నడిస్తే మెలకువ వచ్చేది, నువ్వుండేవాడివి. వీరుడంటే ఎలా ఉండాలో చెప్పమని ఆఫీసులో అడిగినప్పుడు నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు."

సిల్వో కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు. అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. మంచు బయట ఉంది కాబట్టి ఏమీ మారలేదు, అయినా మళ్ళీ తుడిచాడు. దరింకా పొట్లంలోంచి ఒక చెస్ట్‌నట్ కాయ వలిచి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తినలేదు, పట్టుకుని ఉన్నాడు.

"ఆ ఏడాది గురించి దుకాణానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "వెళ్ళుంటే గెలిచేవాడివి కదా అంటారు. నేనూ అవునంటాను. అంటూ అంటూ అదే నిజమైపోయింది నాకు. ఆడకుండానే ఓడిపోయిన ఏడాది అని పేరు పెట్టుకున్నాను. నువ్వు అదే ఏడాదికి ఇంకో పేరు పెట్టుకున్నావని నాకేం తెలుసు?"

అతని భుజాలు కదిలాయి. జివా వెళ్ళి అతని దిగిన భుజానికి తల ఆనించింది. చాలాసేపు వాళ్ళిద్దరూ ఆ తెల్లదనంలోకి చూస్తూ నిలబడ్డారు. కిందెక్కడో ఒక సైకిల్ గంట మోగుతూ పోయింది.

"నిన్ను చాలా మాటలన్నాను," అన్నాడు.

"నేను చాలా మాటలు దాచాను."

"కెమెరా పెట్టు."

"దేనికి?"

"పెట్టమంటున్నాను కదా."

అతను బల్ల ముందు కూర్చుని, ముక్కు తుడుచుకుని, కార్డుని కెమెరాకి చూపించాడు. "రేవు కాపరి గురించి ఇందాక నేను చెప్పింది బొమ్మ చూడకుండా చెప్పింది. ఇది మా అమ్మాయి చేసిన కార్డు. కాబట్టి ఈ కార్డు విషయంలో నా మాట లెక్కలోకి తీసుకోకండి, మీరే ఆడి చూసుకోండి. ఒక్కటి మాత్రం తండ్రిగా కాదు, దుకాణదారుగా చెబుతున్నాను. నాలుగు రత్నాలు ఎక్కువ. మూడైతే న్యాయంగా ఉండేది."

కెమెరా వెనక జివా ఫక్కున నవ్వింది. కళ్ళనీళ్ళతోనే నవ్వింది. "నేను మూడే పెట్టాను నాన్నా. ఆఫీసులో నెలరోజులు పోట్లాడి నాలుగు చేశారు."

"ఎవడు వాడు? బ్ర్నో వెళ్ళాక నాకు ఫోన్ కలుపు, మాట్లాడతాను."

దరింకా ఉల్లికాడలు తరగడానికి వేరే చెక్క వెతుక్కుంది. తండ్రీకూతుళ్ళు బల్ల మీద ఆట పరిచారు. సిల్వో రేవు కాపరిని తీసుకున్నాడు, జివా ఎలుగుబంటి రాణిని. రాణి తన పద్ధతిలో తొందరగా వచ్చింది. సిల్వో యోధులు ఒకరి తర్వాత ఒకరు పడిపోయి పొగమంచులోకి వెళ్ళారు. తన వంతు వచ్చినప్పుడల్లా దాడి చేయాలని అతని వేళ్ళు లాగేవి. ఆపుకున్నాడు. ఏమీ చేయకుండా ఊరుకోవడం ఇంత కష్టమని ఇన్నేళ్ళలో అతనికి ఎప్పుడూ తెలియలేదు. ఊరుకున్న ప్రతిసారీ ఒకరు తిరిగొచ్చి రేవు దగ్గర నిలబడ్డారు.

"వీళ్ళు వచ్చారు, బాగానే ఉంది," అన్నాడు ఆ కార్డుల్ని వేలితో తాకుతూ. "వచ్చాక కాపరి దగ్గరే ఉంటారా?"

"ఉండరు నాన్నా. పొగమంచులో ఎవరూ మిగలకపోతే, నీ తర్వాతి వంతుకి మళ్ళీ అవతలి వైపుకి వెళ్ళాలి. అది నియమం."

సిల్వో ఆ మాట విని కిటికీ వైపు చూశాడు. ఎదురింటి కింద గోడలు కనిపించడం మొదలైంది. మొదట తలుపు, తర్వాత మెట్లు, మెట్ల మీద ఎవరిదో పిల్లి.

"బ్ర్నోకి రైలు ఇక్కణ్ణించే ఎక్కుతావా, మారిబోర్ నుంచా?" అని అడిగాడు.

"మారిబోర్ నుంచి."

"నేను దింపుతాను," అని, మొదట తిరిగొచ్చిన యోధుణ్ణి రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని, బల్ల అవతలి వైపుకి, కూతురి ముందుకి జరిపాడు.