ఈశ్వరయ్య ట్రావెల్స్‌లో పంచాంగం

శంషాబాద్ హైవే మీద సాతంరాయి దాటగానే కారుకు ఒక లారీ అడ్డం వచ్చింది. డ్రైవర్ శంకరయ్య బ్రేకు వేశాడు. లారీలోంచి ఇద్దరు దిగి అద్దాల మీద కాల్చారు. వెనక సీట్లో ఉన్న సాక్షి అక్కడే చనిపోయాడు. శంకరయ్య ఆసుపత్రికి వెళ్లే దారిలో చనిపోయాడు. ట్రావెల్స్‌లో అందరికీ అతను కిరాయి డ్రైవర్. నిజానికి ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మనిషి.

అది 2010 జులై. ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున, మైలార్‌దేవ్‌పల్లిలో బోర్డు లేని ఒక ఆఫీసులో అరుణ్‌కుమార్ తన ఏజెంటు కొండల్‌ను పిలిపించాడు.

"రెండో సాక్షి దిగింది. పేరు ప్రసన్నలక్ష్మి. విదేశంలో మన ఎంబసీలో ట్రాన్స్‌లేటర్. శంకరయ్యను చంపిన ముఠా నాయకుడు అక్కడే ఉంటాడు. వాడి మొహం చూసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఆమె ఒక్కతే. శంషాబాద్‌లో ఈశ్వరయ్య ట్రావెల్స్‌లో కూర్చుని ఉంది. బుకింగ్ వేరే పేరు మీద."

"మళ్లీ అదే ట్రావెల్సా సార్?"

"లీక్ మన దగ్గరే ఉందనుకున్నాం. కాదు. ఆ ట్రావెల్స్ కంప్యూటర్ నుంచి ప్రతి బుకింగూ బయటికి పోతోంది. గంట కిందటే తెలిసింది."

"అయితే ఆమెను తీసుకొచ్చేస్తాను."

"నీ స్కూటర్ మీదా? బుల్లెట్‌ప్రూఫ్ బండి పన్నెండు లోపు రాదు. అప్పటిదాకా ఆమె ఆ గడప దాటకూడదు. రాహుకాలం పోయేదాకా ఈశ్వరయ్య బండి తీయనివ్వడు. ఆ ధైర్యంతోనే పన్నెండుంబావుకు కారు చెప్పాం. ఈలోగా ఏ ప్రోగ్రాం లీక్ చేస్తోందో పట్టుకుని తీసెయ్. కంప్యూటర్ స్లో అయిందని ఆయన వారంనుంచి మెకానిక్ కోసం తిరుగుతున్నాడు. ఆ మెకానిక్ నువ్వే."

అరుణ్‌కుమార్ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "ఇది పెట్టు. ఏదైనా బయటికి పోతున్నంతసేపు ఎర్రలైటు వెలుగుతుంది."

"అక్కడ మనవాళ్లు ఉన్నారా?"

"ముఠాలో ఉంటూ మనకు పనిచేసే ఒకామె వస్తుంది. షాద్‌నగర్ బస్సు ఇక్కడ ఆగుతుందా అని అడుగుతుంది. ఎక్స్‌ప్రెస్ ఆగదని చెప్పు."

ఈశ్వరయ్య ట్రావెల్స్ హైవే పక్కన ఒక గది. బయట మూడు కార్లు. లోపల ఒక బల్ల, ఒక కంప్యూటర్, ప్యాసింజర్లకు ఒక సోఫా. సోఫాలో ఒక స్త్రీ ఒళ్లో బ్యాగు పట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడైతే చాలు, ఆమె వేళ్లు బ్యాగు మీద బిగుసుకుంటున్నాయి. అరుణ్‌కుమార్ చూపిన ఫొటోలోని మొహమే. కొండల్ ఆమెను రెండోసారి చూడలేదు.

"నువ్వేనా మెకానిక్‌వు? రా తమ్మీ," అన్నాడు ఈశ్వరయ్య. "దీనితోని పరేషాన్ అయిపోయిన. ఒక బుకింగ్ తెరువుమంటే, నేను చాయ్ తాగొచ్చినా తెరువది."

"ఏమేం ఎక్కించిన్రన్నా ఇండ్ల?"

"నేనా? నేనేం ముట్టలే. అన్నీ అవే వచ్చినయ్."

కొండల్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఎర్రలైటు వెలిగింది. ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. సెర్చ్ టూల్‌బార్లు నాలుగు ఉన్నాయి. కంప్యూటర్ వేగం పెంచుతామనేవి రెండు. క్రికెట్ స్కోర్లు చెప్పేది ఒకటి. తెర మీద చేపలు ఈదించేది ఒకటి. కంప్యూటర్‌తో వచ్చినవి కావు, ట్రావెల్స్ పనికి అక్కరలేదు. అయినా కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నీ కలిసి లేస్తున్నాయి.

ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. ప్రతిదీ పోయేముందు నిజంగా తీసేస్తారా అని అడిగింది. ప్రతిసారీ అవునన్నాడు. టూల్‌బార్లు పోయాయి. లైటు ఆరలేదు. వేగం పెంచేవి, క్రికెట్ స్కోర్లది పోయాయి. లైటు ఆరలేదు.

"చేపలు ఉండనియ్ తమ్మీ. మా మనవరాలు చూస్తది."

"చేపలకే సగం బలం పోతదన్నా." చేపలు పోయాయి. లైటు ఆరలేదు.

అప్పుడు ఒక కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో తోలు హ్యాండ్‌బ్యాగుతో ఒకామె లోపలికి వచ్చింది. ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు.

"రాండ్రి మాధవీలత మేడం. తమ్మీ, టికెట్ల కంపెనీ మేడం. మనకు మస్తు సాయం చేస్తరు."

ఆమె కొండల్ వైపు తిరిగింది. "ఏవండీ, షాద్‌నగర్ బస్సు ఇక్కడ ఆగుతుందా?"

"ఎక్స్‌ప్రెస్ ఆగదు మేడం."

ఈశ్వరయ్య చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లగానే ఆమె కుర్చీ దగ్గరికి జరిగింది.

"దొరికిందా?"

"ఇంకా లేదు. రెండే మిగిలాయి. బుకింగ్ సాఫ్ట్‌వేర్, పంచాంగం చూపే ప్రోగ్రాం."

"బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. అది తీసేయండి. పంచాంగం జోలికి వెళ్లకండి. ఆ సీడీ ఈశ్వరయ్య గారికి నేనే ఇచ్చాను. అది పోతే ఆయన ఊరుకోరు."

మాట సహజంగానే ఉంది. కొండల్ తలూపాడు. తర్వాత పంచాంగం కిటికీ తెరిచి చూశాడు. శుక్రవారం. రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అది తెలియడానికి కంప్యూటర్ అక్కరలేదు. ఊళ్లో పెళ్లిచూపులకు బయలుదేరే ప్రతి ఇంట్లో తెలుసు. వర్జ్యం అలా కాదు. రోజుకో వేళకు వస్తుంది, ఎవరికీ నోటికి రాదు. శంకరయ్య చనిపోయిన రోజు కారు గంట ఆలస్యంగా కదిలింది. వర్జ్యమని ఆపామని ఈశ్వరయ్య పోలీసులకు చెప్పాడు.

అంటే ఈ ప్రోగ్రాం బుకింగులు పంపడమే కాదు, కార్లు ఎప్పుడు కదలాలో కూడా చెబుతోంది. వర్జ్యాన్ని జరిపినన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు. ఈసారి ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాడు రాహుకాలాన్నే జరిపాడు. డిపార్ట్‌మెంట్ బండి పన్నెండుకు వస్తుందని వాడికి ఎవరు చెప్పారో కొండల్‌కు అర్థమైంది. ఆమె అతని పక్కనే నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి ఉంది.

ఈశ్వరయ్య లోపలికి వచ్చి గడియారం చూశాడు. "ఓ గోపయ్యా! బండి తియ్. అమ్మను జల్ది తీస్కపో. పన్నెండయితే రాహుకాలం వస్తది."

"అన్నా, ఇయ్యాల శుక్రవారం గదా?" అన్నాడు కొండల్.

"నాకూ గట్లనే అనిపించింది తమ్మీ. కానీ కంప్యూటర్ అబద్ధమాడ్తదా? మనమే మర్చిపోయినం గావచ్చు."

మాధవీలత నవ్వింది. "రండమ్మా, నేను కారు దాకా వస్తాను."

ప్రసన్నలక్ష్మి లేచింది. కొండల్ దగ్గర పిస్టల్ లేదు. మెకానిక్ సంచిలో ఉండదు. అరిస్తే మాధవీలత ఇక్కడే కాలుస్తుంది. ఊరుకుంటే సాతంరాయి దగ్గర కాలుస్తారు. గోపయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు.

కొండల్ సీపీయూ మూత ఊడదీశాడు. సంచిలోంచి బ్లోయర్ తీసి ప్లగ్ పెట్టాడు. లోపల ఏళ్ల దుమ్ము ఉంది. ముక్కు దానికి దగ్గరగా పెట్టి స్విచ్ నొక్కాడు.

ప్రసన్నలక్ష్మి కారు తలుపు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది.

కొండల్ తుమ్మాడు. ఒక్కసారే. హైవే అవతలికి వినబడింది.

"ఆగు!" ఈశ్వరయ్య చేయి ఎత్తాడు. "ఆగు గోపయ్యా! ఒంటి తుమ్ము. అమ్మా, దిగు. వచ్చి కూసో. జర మంచినీళ్లు తాగినంక పోదువు."

"టైమైపోతోందండి," అంది మాధవీలత. "పోనివ్వండి."

"ఒంటి తుమ్ము మీద బండి పోదు మేడం. పోయిన నెలల మా శంకరయ్య పోయిండు. మల్ల గట్లయితే నేను బతకలేను."

"ఇంత చదువుకున్న కాలంలో ఈ మూఢనమ్మకాలేంటండీ!"

ఈశ్వరయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "పంచాంగం మీరే ఇస్తిరి. అది శాస్త్రం, తుమ్ము మూఢనమ్మకమా?"

ప్రసన్నలక్ష్మి తిరిగొచ్చి సోఫాలో కూర్చుంది. మాధవీలత ఆమె వెనకే గదిలోకి వచ్చింది. చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. కళ్లద్దాలు తీసి గురి చూసింది. ఆమె చేసిన తప్పు అదే. కొండల్ బ్లోయర్‌ను ఆమె వైపు తిప్పాడు. దుమ్మంతా కళ్లలో పడింది. గుండు సోఫాకు తగలకుండా పోయి సీలింగ్ ఫ్యాన్ రెక్కకు తగిలింది. కొండల్ ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాక్కున్నాడు.

"గోపయ్యా, తలుపెయ్!" అని అరిచాడు.

"ఏందిరా ఇది, ఏందిది?" ఈశ్వరయ్య బల్ల కింద నుంచి అడిగాడు.

కొండల్ ఒక చేత్తో ఆమెను పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చేశాడు. లారీ సాతంరాయిలో వేప చెట్ల కింద ఆగి ఉంది. అందులో ఉన్నవాళ్లకు తప్పించుకునే వ్యవధి దొరకలేదు. బుల్లెట్‌ప్రూఫ్ బండి వచ్చి సాక్షిని, మాధవీలతను వేరువేరుగా ఎక్కించుకుంది. ప్రసన్నలక్ష్మి వెళ్లేముందు ఈశ్వరయ్య ఇచ్చిన గ్లాసెడు నీళ్లు పూర్తిగా తాగింది.

కొండల్ పంచాంగం తీసేశాడు. నిజంగా తీసేస్తారా అని అది మూడుసార్లు అడిగింది. ఎర్రలైటు ఆరింది. బుకింగ్ తెరిస్తే వెంటనే తెరుచుకుంది.

అతను గుమ్మం బయట నిలబడి అరుణ్‌కుమార్‌కు రిపోర్ట్ ఇచ్చాడు. "సాక్షి క్షేమం సార్. కంప్యూటర్ క్లీన్."

లోపలి నుంచి ఈశ్వరయ్య కేక వినిపించింది. "తమ్మీ! ఇంక స్పీడ్ జేస్తమని అడుగుతున్నది, ఎస్ కొట్టిన. మంచిదే గద?"

కొండల్ ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, ఆ చివరి మాట వెనక్కి తీసుకుంటున్నాను."