పళ్ళ డాక్టరుకు ఇటాలియన్ రాదు

"నీకు ఇటాలియన్ రాదు," అంది కల్నల్ వెజ్జానీ. "ఇదే నీ మిషన్."

ఇటలీలోని లివోర్నో రేవులో పుట్టి, మాటలకంటే ముందు తిట్లు నేర్చిన రుజ్జేరోకు నవ్వొచ్చింది. కల్నల్ నవ్వలేదు. ఫైలు తెరవకుండానే బ్రీఫింగ్ ఇచ్చింది. శత్రుదేశపు సంకేత విభాగం నుంచి వెస్నా అనే అమ్మాయి రహస్యాలతో సహా పారిపోయి వచ్చింది. పెరూజాలో విదేశీయులకు ఇటాలియన్ నేర్పే ఓ బడిలో ఆమెను విద్యార్థినిగా దాచారు. చంపడానికి వచ్చిన ముఠా మనిషి కూడా ఆ తరగతిలోనే చేరాడని సమాచారం. ఎవరో తెలియదు. రుజ్జేరో అర్జెంటీనా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరుగా వెళ్ళి, అదెవరో కనిపెట్టి, ఆమెను కాపాడాలి. చెవిటి మిషన్‌లా కనిపించే ఇయర్‌ఫోన్, కోటు గుండీలో మైకు ఇచ్చారు. తుపాకీ ఇవ్వలేదు. ప్రమాదం వస్తే కోడ్ మాట 'గొడుగు'.

"అక్కడ కారిన్ అని డెన్మార్క్ పిల్ల ఉంటుంది. ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది, కానీ ఆమె మన మనిషి. హంతకుడెవరో ఆమెకూ చెప్పలేదట. ఆమె ఉండగా వెస్నాకు ఏం కాదు. నువ్వు మాత్రం నోరు జారి ఒక్క వాక్యం తిన్నగా మాట్లాడావనుకో, వాళ్ళు జాగ్రత్తపడి ఇంకోచోట చంపుతారు. అక్కడ మనం ఉండం."

పరాయి భాష మాట్లాడటం కష్టమంటారు గానీ, సొంత భాషను ముక్కలు చేసి మాట్లాడటం ముందు అదెంత? టీచరు తోస్కా గారు రోజూ రుజ్జేరోను నిలబెట్టి కడిగేసేది. పళ్ళు పీకడం తప్ప మీ బుర్రకింకేమీ ఎక్కదా అని అడిగేది. అతను బిక్కమొహం వేసేవాడు. మధ్యాహ్నం ఫౌంటెన్ మెట్లమీద వెస్నా తన రొట్టెలో సగం తుంచి అతనికి పెట్టి, జాలిగా మళ్ళీ మొదటినుంచి చెప్పేది. వెనక అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడే ఆ పిల్ల, అతను తప్పు పలికితే మాత్రం హాయిగా నవ్వేది. ఆ నవ్వు కోసం అతను ఇంకో తప్పు చేసేవాడు. ఆ వెంటనే సిగ్గుపడేవాడు.

హంతకుడి జాడ మాత్రం దొరకలేదు. కారిన్ నడిచి వెళ్తుంటే వీధిలో స్కూటర్లన్నీ నెమ్మదించేవి. ఆమె అతనికేసి చూసేది కూడా కాదు. మంచి ఏజెంటే అనుకున్నాడు.

శనివారం తోస్కా గారు తరగతినంతా ఊరు చూపించడానికి తీసుకెళ్ళింది. పాత కోట కింది దారులూ, రాతి బావీ చూసి, కాళ్ళు పీకుతుంటే అందరూ ఓ భోజనశాలలో కూలబడ్డారు. నలుగురికొక చదరపు బల్ల, దాని నడుమ ఒకే ఒక ఇనప కాలు. రుజ్జేరోకు ఎదురుగా కారిన్. వెస్నాకు ఎదురుగా హమగుచి గారు, ఒసాకా నుంచి వచ్చిన పెద్దాయన. వైను కారినే పోసింది.

వెస్నా, హమగుచి గారు గ్లాసులు తగిలించారు. అదే క్షణాన రుజ్జేరో, కారిన్ కూడా చేతులు చాచారు. నాలుగు చేతులూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటబోయాయి.

ఈ దేశంలో అలా దాటకూడదు. మనవాళ్ళు తుమ్మితే గుమ్మం దాటనట్టే. పొరపాటున దాటితే ఇనుము ముట్టుకోవాలి. ఇది బళ్ళో నేర్పేది కాదు, తల్లిపాలతో వచ్చేది. రుజ్జేరో చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది, రెండో చెయ్యి బల్లకింద ఇనప కాలిని వెతుక్కుంది.

అక్కడ అప్పటికే కారిన్ వేళ్ళున్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈమె డెన్మార్క్ పిల్ల కాదు. పుట్టుకే అబద్ధమైతే కల్నల్‌కు చెప్పిన మిగతాది మాత్రం నిజమా? ఇన్నాళ్ళూ వెతుకుతున్న మనిషి ఎదురుగానే ఉంది. వైను పోసిందీ ఆమే.

వెస్నా గ్లాసు ఎత్తి, తాగేముందు ఇటాలియన్‌లో నాలుగు మాటలు చెబుతానంది. రుజ్జేరో గుండీ దగ్గరికి వంగి, గొడుగు, గొడుగు అని గొణిగాడు. కల్నల్ గొంతు చెవిలో చల్లగా పలికింది.

"కదలకు. కారిన్ ఉందిగా."

వెస్నా మాట దొరక్క తడుముకుంటోంది. తడుముకున్నంతసేపే ప్రాణం. కారిన్ తియ్యగా మాట అందించింది. రుజ్జేరో అడ్డుపడి తప్పు మాట అందించాడు. వెస్నా నవ్వి, కాదు డాక్టరు గారూ అని దిద్దింది. మళ్ళీ తప్పు చెప్పాడు. మళ్ళీ దిద్దింది. చివరికి వాక్యం పూర్తయింది.

"నాకు ఇక్కడ భయం లేదు," అని గ్లాసు పెదవులకు ఆనించింది.

రుజ్జేరో లేచి నిలబడి, అచ్చమైన లివోర్నో యాసలో గొంతు చించుకున్నాడు.

"దించవే తల్లీ, అందులో విషం కలిపింది ఆ ముండ!"

భోజనశాల బిగుసుకుపోయింది. తోస్కా గారి చేతిలోంచి ఫోర్కు జారింది. వెస్నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంత వేగంగా, అంత చక్కగా ఎవరైనా మాట్లాడితే ఆ పిల్లకింకా అందదు. మర్యాదగా తలూపి, తాగడానికి గ్లాసు వంచింది.

ఇక మాటలతో లాభం లేదని అతను ఇనప కాలిని తన్నాడు. బల్ల, వైను, గ్లాసులు, హమగుచి గారు, అన్నీ కలిసి పడ్డాయి. కారిన్ గుమ్మంకేసి పరుగెత్తింది. అక్కడ కాఫీ తాగుతున్న కల్నల్ మనుషులిద్దరికీ లివోర్నో తిట్టు బాగా అర్థమైంది. పట్టుకున్నారు.

తర్వాత వెస్నా గోడకానుకుని కూర్చుంది. రుజ్జేరో తానెవరో మెల్లగా, తేలిక మాటల్లో చెప్పాడు.

"అయితే మీకు అన్నీ వచ్చు," అంది వెస్నా. "నేను నేర్పుతుంటే నవ్వుకున్నారా?"

లేదన్నాడు. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక కూజాలోంచి మంచినీళ్ళు వంచి ఇచ్చాడు. వెస్నా గ్లాసు అందుకుని, చూసి, అతనివైపే జరిపింది.

"ముందు మీరు తాగండి."

అతను సగం తాగాడు. ఆమె కాసేపు ఆగి, అతను బతికే ఉన్నాడని చూసుకుని, మిగిలింది తాగింది.