మునిగిన మూడుదార్లు

ద్వీపం మీద, డాలీగంజ్ దాటి ప్రోతరాపూర్ వైపు పోయే పాత రోడ్డు మీద, పల్లంలో, మూడు దార్లు కలిసే చోటు ఒకటి ఉండేది. సునామీకి అక్కడ నేల కుంగింది. ఆ రోజు లోపలికి వచ్చిన సముద్రం సగం వెనక్కి పోయి సగం అక్కడే ఉండిపోయింది. పోటు మీద మోకాలి లోతు, నీళ్లు తీస్తే చీలమండ లోతు. కొబ్బరిచెట్లు తలలు రాలిపోయి మొండేల్లా నీళ్లలో నిలబడ్డాయి. బస్సును పైరోడ్డుకు మళ్లించారు.

మనుషులు వదిలేసిన చోటుకి చెడ్డపేరు రావడానికి ఎంతసేపు?

ద్వీపాల్లో చీకటి తొందరగా పడుతుంది. పొద్దు కుంకాక అక్కడ నీళ్ల మీద దీపం నడుస్తుందన్నారు. మొదట చూసింది ఆటో కన్నారావు.

"ఓ ఆడమనిషి దీపం పట్టుకుని ఎల్తంది. 'దీదీ, కహాఁ జానా హై', ఎక్కడికెల్లాలీ అన్నాను. పలకలేదు. హారన్ కొట్టాను... తల తిప్పలేదు. మనిషైతే తిప్పదేటి?"

"నీ హారన్‌కి మీ ఆవిడ గవరమ్మే తల తిప్పదు కదా భయ్యా," అన్నారు ఆటో స్టాండులో.

అందరూ నవ్వారు. కానీ మర్నాడు పగటిపూట వెళ్లి చూస్తే, నీళ్లలోంచి తల బయటపెట్టిన మైలురాయి మీద ఎర్రటి చారలున్నాయి. రక్తమే అనుకున్నారు. కన్నారావుకి జ్వరం పట్టుకుంది. ఎన్ని మాత్రలు మింగినా వచ్చిపోతూనే ఉంది. ఇక నవ్వడం మానేశారు.

సీతాలు ఈ మాటలు విన్నది. నమ్మిందీ లేదు, కొట్టిపారేసిందీ లేదు. సునామీ తర్వాత ఆమెకు ఏ మాటా లోపలిదాకా తగలడం మానేసింది.

ఆమె భర్త సూరయ్య, అలలు రావడానికి ముందురోజు వలలేసుకుని పడవ మీద హట్ బే దీవి వైపు వేటకు వెళ్లాడు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. దినకర్మలు చేద్దామంటే సూరయ్య తల్లి కాళమ్మ ఒప్పుకోలేదు. వస్తాడంది. అప్పట్లో వాళ్ల ఇల్లు ఆ మూడుదార్లను ఆనుకునే ఉండేది. ఉప్పునీరు పునాది తినేశాక, అత్తనూ పసిపిల్లనూ తీసుకుని సీతాలు గుట్ట మీదికి, సన్యాసిరావు లేఅవుట్‌లోకి మారింది. మారిన రోజు కాళమ్మ ఒక్క మాటే అంది.

"ఆడొస్తే పాత ఇంటికే వొత్తాడు. ఈ సందులు ఆడికేం తెలుసు?"

నిజానికి ఆ సందులు అక్కడ ఉంటున్నవాళ్లకే సరిగ్గా తెలియవు. కంట్రాక్టరు సన్యాసిరావు గుట్టను ముక్కలు చేసి అమ్మాడు. ముక్కకో సందు. ఒకటి బండకు తగిలి ఆగుతుంది, ఒకటి గోడకు తగిలి ఆగుతుంది, ఒకటి ఎవరి పెరట్లోకో పోయి ఆగుతుంది. పక్క సందులో వంట వాసన ముక్కుకు తగులుతుంది. అక్కడికి వెళ్లాలంటే మాత్రం పైరోడ్డు ఎక్కి, చుట్టి, మళ్లీ దిగాలి. ఒక సందు ఇంకో సందును కలవదు. సీతాలు ఉండే సందులో స్థలాలన్నీ ఖాళీ. చివర, గోడకు ముందు, ఆమె ఇల్లొక్కటే.

అక్కడే ఆమె కూతురు చిట్టితల్లి అన్నం మానేసింది.

నాలుగేళ్ల పిల్ల. ఏడవదు, అడగదు. ముద్ద పెడితే బుగ్గన ఉంచుకుని, కాసేపటికి ఊసేస్తుంది. తండ్రి ఫోటో ఉన్న గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆస్పత్రిలో రక్తం తీసి చూశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేకుండానే పిల్ల చేతులు పుల్లలైపోయాయి.

"దిష్టే. ఎర్రనీళ్లు తీసి మూడుదార్లలో పోసి రాయే," అంది కాళమ్మ.

"ఈ లేఅవుట్‌లో మూడుదార్లు ఎక్కడున్నాయత్తా?"

"సందు మొగన, పైరోడ్డు మీద?"

"అక్కడ గవరమ్మ కొట్టుంది కదా. మొన్నెవరో పోస్తే, 'నా కొట్టు ముందర ఏటి, మీ దిష్టికి చెత్తకుండీ ఎట్టానా?' అని పొద్దుటి నుంచీ తిట్టింది."

అన్ని సందుల మొదట్లోనూ అంతే. ఒక్కో మొగన ఒక్కో కొట్టు, ఒక్కో ట్యూబులైటు. బేరం పోతుందని ఎవరూ పోయనివ్వరు.

కాళమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"అయితే పాత మూడుదార్లే గతి. ఎల్తన్నట్టు ఎవరికీ సెప్పకు, సెప్తే పనిసెయ్యదు. వొచ్చినప్పుడు ఎనక్కి సూడకు. ఎవురు పిలిసినా పలక్కు. కాళ్లు కడుక్కోకుండా గడప తొక్కకు."

"దెయ్యం ఉందంటన్నారు..."

"ఉంటే ఉంది. దాని పని దానిది, మన పని మనది."

చీకటి పడగానే సీతాలు పసుపు, సున్నం కలిపి పళ్లెంలో ఎర్రనీళ్లు చేసింది. మధ్యలో తమలపాకు, దాని మీద వెలిగే వత్తి. పిల్ల చుట్టూ తిప్పింది. పిల్ల దీపాన్ని కూడా చూడలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని సీతాలు బయల్దేరింది.

పైరోడ్డు ఎక్కి, కొట్లు దాటి, పాత రోడ్డులోకి దిగింది. తారు అయిపోయింది. బురద. ఆ తర్వాత నీళ్లు, చల్లగా, చీలమండల దాకా...

ఆగిపోయింది.

మైలురాయి దగ్గర దీపం ఉంది.

నీళ్లకు రెండు మూరల పైన, గాలికి ఊగుతూ... దాని వెనక ఒక ఆడమనిషి. ముఖం నిండా కొంగు.  సీతాలు వెనక్కి పోదామనుకుంది. బుగ్గన ముద్ద పెట్టుకుని గోడకేసి చూసే పిల్ల గుర్తొచ్చింది. ఇంకో అడుగు ముందుకు వేసింది.

ఆ మనిషి తలెత్తింది. బిగుసుకుపోయింది. ఆమె చేతిలో దీపం గడగడా వణికింది...

దెయ్యం వణుకుతోంది.

అప్పుడు చూసింది సీతాలు. చేతిలో పళ్లెం. పళ్లెంలో ఎర్రనీళ్లు. ముంజేతి మీద పచ్చబొట్టు... కన్నారావు పేరు.

గవరమ్మ! దెయ్యాన్ని చూసి జ్వరం తెచ్చుకున్న మొగుడికి దిష్టి తీసి, తన కొట్టు ముందు పోసుకోలేక, ఇంత దూరం వచ్చింది.

ఇద్దరూ నోరు మెదపలేదు. మెదపకూడదు. గవరమ్మ రాయి మీద నీళ్లు పోసి, పక్కనుంచి గబగబా దాటిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరగకూడదు.

సీతాలుకు అంతా అర్థమైంది. పలకనిదీ, తల తిప్పనిదీ, రాయి మీద ఎర్రటి చారా... ఈ గుట్ట మీది తల్లులూ పెళ్లాలూ. ఎవరికీ చెప్పకుండా వచ్చి, ఒకర్నొకరు చూసి భయపడి, మర్నాడు కథలు చెప్పుకుంటున్నారు.

చాలాకాలం తర్వాత ఆమె పెదవి కొంచెం కదిలింది. రాయి మీద నీళ్లు పోసింది. రాయి అవతల తన పాత ఇంటి గోడ, సగం కూలి, నీళ్లలో నల్లగా ఉంది. అటు చూడకుండా వెనుదిరిగింది.

ముందు గవరమ్మ దూరంగా నడుస్తోంది.

వెనక నీళ్లలో చప్పుడైంది. తపక్... తపక్...

ఇంకో తల్లెవరో, అనుకుంది సీతాలు.

పొడిరోడ్డు మీదికి వచ్చాక కూడా తడికాళ్ల చప్పుడు వస్తూనే ఉంది. తను ఆగితే ఆగుతోంది. మొదటి సందు వచ్చింది. అటు తిరుగుతుందనుకుంది. తిరగలేదు. రెండో సందు... తిరగలేదు. గవరమ్మ కొట్టు షట్టరెత్తి లోపలికి పోయింది. సీతాలు తన సందులోకి తిరిగింది.

అడుగులు కూడా తిరిగాయి.

ఆ సందులో వేరే ఇల్లు లేదు. చివర గోడ. ఎవరికీ పని లేని దారి.

మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది. పళ్లు బిగబట్టి, కొంగు బిగించి, ముందుకే చూసింది. పిల్ల. పిల్ల కోసం. అడుగులు వెంటే ఉన్నాయి. ఉప్పు వాసన, తడిసిన వల వాసన...

గడప ముందు బకెట్టు పెట్టి ఉంది. మగ్గుతో నీళ్లు పోసుకుని కాళ్లు కడుక్కుంది. లోపలికి అడుగుపెట్టింది.

కాళమ్మ ఒళ్లో పిల్ల లేచి కూర్చుని ఉంది. ఫోటో గోడకేసి కాదు, గుమ్మంకేసి చూస్తోంది.

"అమ్మా... అన్నం."

సీతాలు పళ్లెం కింద పెట్టింది. "పెడతాను తల్లీ. తలుపేసి వొచ్చి పెడతాను."

"తలుపెయ్యకు," అంది చిట్టితల్లి. "నాన్న కాళ్లు కడుక్కుంటన్నాడు."

బయట మగ్గు బకెట్టుకు తగిలిన చప్పుడైంది.

 సీతాలు వెనక్కి చూడలేదు. కంచంలో అన్నం పెట్టి పిల్ల ముందుంచింది. కాసేపు నిలబడింది. తర్వాత గూట్లోంచి ఇంకో కంచం తీసింది.