గోడ దాటని తూటా

గురువారం మధ్యాహ్నం హర్షెల్ తుపాకుల కొట్లో ఈగలు తోలుకోవడం తప్ప పని ఉండదు. ఒలీటా అందుకే ఆ పూట చూసుకుని వెళ్ళింది. పదిమంది ముందు కొనే సరుకు కాదది. చేతిసంచిలోంచి రివాల్వర్ తీసి, సిలిండర్ పక్కకి జరిపి, ఖాళీగా ఉందని చూపించి గాజుబల్ల మీద పెట్టింది. పొట్టి గొట్టం, అయిదు తూటాలు పట్టే చిన్న రివాల్వర్.

"ఎల్బర్ట్ బావది కదక్కా ఇది?" అన్నాడు హర్షెల్ దాన్ని చూడగానే.

"మా ఆయనదే. గనిలో ధూళి ఊపిరితిత్తుల్ని తినేసింది, ఇదొక్కటి మిగిలింది. దీనికి మంచి తూటాలు కావాలి. ఇంట్లో ఉంచుకోడానికి."

"దేని కోసం?"

"ఎలుగుబంటి కోసం." ఒలీటా సిలిండర్‌ని వెనక్కి నెట్టింది. "తగిలితే ఆగిపోవాలి. కానీ అవతలికి దూసుకుపోకూడదు. మాది ట్రెయిలర్ ఇల్లు, లారీ వెనక లాక్కొచ్చి నిలబెట్టినది. గోడలు అట్టముక్కలు."

"ఎలుగుబంటిని కాలుస్తూ గోడల గురించి దిగులు పడేవాళ్ళని ముప్పై ఏళ్ళలో నేను చూళ్ళేదు" అన్నాడు హర్షెల్. నవ్వలేదు మాత్రం. వెనక అరలోంచి మూడు డబ్బాలు తెచ్చి పెట్టాడు.

"ఈ గుండ్రటి ముక్కుది చవక. దీని జోలికి పోకు. మనిషిని దాటి, గోడని దాటి, పక్కింటాయన టీవీ పగలగొడుతుంది. ఈ రెండోది ముక్కులో గుంట ఉన్నది. ఒంట్లోకి వెళ్ళాక విచ్చుకుంటుంది, విచ్చుకుంటే అక్కడే ఆగుతుంది. కానీ నీ గొట్టం పొట్టిది కదా, వేగం చాలదు. పైగా చలికాలం. దళసరి బట్టలుంటే ఆ గుంటలో గుడ్డ కూరుకుపోతుంది. ఇక విచ్చుకోదు, మామూలు తూటాలాగే దూసుకుపోతుంది. ఈ మూడోది పొట్టి గొట్టాలకనే చేశారు. గుంట వెడల్పు."

"అయితే మూడోదే ఇయ్యి."

"నా మాట నమ్మి కొనకు. గుంట ఉన్న రెండు రకాలూ ఇస్తా, ఇంటికెళ్ళి చూసుకో. పాల డబ్బాల్లో నీళ్ళు నింపి వరసగా పెట్టు. వాటి ముందు జీన్సు గుడ్డ నాలుగు మడతలు వేసి కాల్చు. మేమందరం అలాగే చూసుకుంటాం." డబ్బాలు సంచిలో పెడుతూ గొంతు తగ్గించాడు. "అక్కా... లానీ ఊళ్ళోకి వచ్చాడంటున్నారు. నిజమేనా?"

"ఎలుగుబంటికని చెప్పాగా."

హర్షెల్ సంచి ఆమె వైపు జరిపాడు. ఆ కెంటకీ కొండల మధ్య లోయలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు. లానీ ఒలీటా కొడుకు. గనిలో నడుం విరిగినప్పుడు డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. నడుం అతుక్కుంది గానీ మాత్రలు వదల్లేదు. పెళ్ళాం వదిలేసి పోయింది. నిరుడు చలికాలం కూతురు టెస్సాని కార్లో ఎక్కించుకుని తిప్పుతానని తీసుకెళ్ళి, ఏదో కొట్టు వెనకాల కారు ఆపి, మాత్రలు మింగి పడిపోయాడు. తెల్లారి ఎవరో చూసేసరికి ఆరేళ్ళ పిల్ల కాళ్ళు నీలంగా కొయ్యబారి ఉన్నాయి. రెండు వేళ్ళు తీసేశారు. కోర్టు టెస్సాని నానమ్మకి అప్పగించింది. మొన్న ఆదివారం లానీ ఫోను చేశాడు. "గురువారం వచ్చి నా కూతుర్ని తీసుకెళ్తా, ఎవడు అడ్డం వస్తాడో చూస్తా" అన్నాడు. ఈసారి పిల్లని పోనిస్తే మిగిలేది వేళ్ళు కాదని ఒలీటాకి తెలుసు. కన్నపేగుని గట్టిగా ముడేసుకుంది.

ఇంటికి రాగానే పెరట్లో చెక్క బల్ల మీద ఆరు పాల డబ్బాలు వరసగా పెట్టి, కొళాయి నీళ్ళు నింపింది. చేతులు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళు. ఇక జీన్సు గుడ్డ కావాలి. ఆమె జీన్సు వేసుకోదు. టెస్సావి మరీ చిన్నవి. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే, లానీ గనికి వేసుకెళ్ళిన ప్యాంటు. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరి కోసం ఈ పరీక్షో వాడి గుడ్డ మీదే చూడడం న్యాయమేలే అనుకుంది. నడుం దగ్గర మధ్యకి మడిస్తే సరిగ్గా నాలుగు మడతలు. బట్టల క్లిప్పులతో మొదటి డబ్బాకి తగిలించింది. కాళ్ళు రెండూ కిందికి వేలాడాయి.

ముందు మామూలు గుంట ఉన్న రకం కాల్చింది. తూటా ఆరు డబ్బాలనీ దాటి వెనక మట్టిగట్టులోకి దూరింది. ఆ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చినప్పుడు దానితో పాటు ఇంకేదో వచ్చింది. ఎగువన, వాగు వైపు నుంచి, ఎవరో దెబ్బ తగిలి మూలిగినట్టు.

పాల డబ్బాలు మార్చి, పొట్టి గొట్టాలకని చేసిన రకం కాల్చింది. ఈసారి "అమ్మా" అని స్పష్టంగా వినిపించింది.

ఒలీటా కొండ వైపు చూసింది. పై ఇంటివాళ్ళ మేకపిల్ల అయి ఉంటుందనుకుంది. వాళ్ళు మేకల్ని అమ్మేసి ఏడాది అయిందన్న సంగతి కావాలనే గుర్తు తెచ్చుకోలేదు.

తూటా మూడో డబ్బాలో ఆగిపోయింది. చెయ్యి పెట్టి తీస్తే పేలిన మొక్కజొన్న గింజలా చక్కగా విచ్చుకుని ఉంది. సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గు వేసింది. అప్పుడు గమనించింది, డబ్బాలో నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఒంటి వేడి ఉన్నాయి. చెయ్యి గబగబా కోటుకి తుడుచుకుని, తడిసిన ప్యాంటుని కంచె తీగ మీద వేసి లోపలికి వచ్చేసింది. రివాల్వర్లో అయిదూ ఆ విచ్చుకునే రకమే నింపింది.

నాలుగింటికి స్కూల్ బస్సు టెస్సాని దింపింది. చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె పెట్టింది ఒలీటా. అయిదున్నరకే లోయ నల్లబడింది. టెస్సా తన గదిలో తలుపేసుకుని రంగులు వేసుకుంటోంది. ఆ గదికీ ముందు గదికీ మధ్య ఉన్నది ఆ అట్టముక్క గోడే. ఒలీటా కుర్చీని గోడకి ఎదురుగా, తలుపు కనిపించేలా వేసుకుని కూర్చుంది. గడియ వేసింది. గొలుసు కూడా వేసింది.

బయట గాలి లేదు. హీటరు బుసబుసమంటోంది. అంతలో వాసన వచ్చింది. వాగు అడుగున కుళ్ళిన ఆకుల వాసన, దానిలో కొంచెం మందుగుండు వాసన.

తర్వాత మెట్ల మీద నీళ్ళు కారుతున్న చప్పుడు.

టప్... టప్...

కిటికీ తెర కొద్దిగా తొలగించి చూసింది. కంచె తీగ ఖాళీగా ఉంది.

"అమ్మా" అన్నారెవరో తలుపవతల, మెల్లగా. "చలేస్తోందమ్మా."

ఒలీటా రివాల్వర్ తలుపు వైపు ఎత్తింది. "టెస్సా లేదిక్కడ. పో."

"ఉంది. గోడవతల ఉంది. ఆకుపచ్చ రంగు అయిపోయిందని వెతుక్కుంటోంది."

"లానీ, నా చేతిలో రివాల్వర్ ఉంది."

"తెలుసు."

తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికి పాకాయి. గడియ కదల్లేదు. గొలుసు కదల్లేదు. తలుపు తెరుచుకోలేదు...

వాడు లోపల ఉన్నాడు.

ఆ ప్యాంటే వేసుకున్నాడు. బొడ్డు పక్కన ఆమె చేసిన చిల్లుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. రక్తం కాదు, తేట నీళ్ళు. సన్నటి ధారలు, ఎంతకీ ఆగడం లేదు. ఒలీటాని భయపెట్టింది అది కాదు. వాడి మొహం. మాత్రలకి ముందటి మొహం. కళ్ళు తేటగా ఉన్నాయి. ఆ మొహం మళ్ళీ చూపించమని ఆమె ఆరేళ్ళు దేవుణ్ణి అడిగింది. ఇప్పుడా చూపించడం?

"కారిపోతోందమ్మా" అన్నాడు పొట్ట పట్టుకుని. "ఒకటి వీపులోంచి పోయింది. రెండోది లోపలే ఉంది. అదే నొప్పి."

"నేను పాల డబ్బాని కాల్చాను రా... నిన్ను కాదు..."

"నన్ను అనుకునే కాల్చావు."

వాడు ఆమెని దాటి టెస్సా గది గోడ వైపు తిరిగాడు. "ఒక్కసారి దాన్ని చూసుకుంటా. నాతో తీసుకెళ్తా. అక్కడ ఒక్కణ్ణే ఉండలేను."

"లానీ, ఆగు."

వాడు ఆగలేదు. గోడకి ఆనుకునేంత దగ్గరికి వెళ్ళాడు. వాడి వెనక గోడ. గోడ వెనక పిల్ల. హర్షెల్ మాటలు చెవిలో మోగాయి. విచ్చుకుంటే అక్కడే ఆగుతుంది. నాలుగు మడతల గుడ్డలో తన కళ్ళతో చూసింది. ఆగుతుంది. తప్పకుండా ఆగుతుంది...

కాల్చింది.

చెవులు గింగురుమన్నాయి. లానీ తల తిప్పి ఆమె వైపు చూశాడు, చిన్నప్పుడు చెంపదెబ్బ తిన్నప్పుడు చూసినట్టే. ఆ తర్వాత అక్కడ ఎవరూ లేరు. నేల మీద నీటి మడుగు మాత్రం ఉంది.

ఒలీటా గోడ మీద పడి అంగుళం అంగుళం తడిమింది. చిల్లు లేదు. గీత కూడా లేదు. "టెస్సా! టెస్సా, తల్లీ!"

"ఆఁ నానమ్మా" అంది గోడవతల గొంతు. "బానే ఉన్నా."

ఒలీటా నేల మీద కూలబడి ఏడ్చింది. పిల్ల బతికే ఉంది. తూటా దాటలేదు. కొడుకుని కాల్చిన చేత్తోనే నోరు మూసుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది. ఆ గదిలోకి వెళ్దామని లేచేలోపే కిటికీ మీద కారు దీపాలు పడ్డాయి. పోలీసు డెప్యూటీ వెస్లీ, లానీతో కలిసి చదువుకున్నవాడు. రివాల్వర్ని సోఫా దిండు కిందికి తోసి తలుపు తీసింది.

వెస్లీ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "పెద్దమ్మా, కూర్చో ముందు. లానీ... మూడున్నరకి ఎగువ వాగులో దొరికాడు. నేనే బయటికి తీశాను."

"ఎలా?" అని అడిగింది. అడగక్కర్లేదు.

"పొట్టలో రెండు తూటా గాయాలు. ఒకటి వీపులోంచి పోయింది, ఇంకోటి లోపలే ఉంది. ఎవరు చేశారో తెలీదు. నాకు అర్థం కానిది ఒకటుంది పెద్దమ్మా. ఒంటి మీద చొక్కాకి గానీ ప్యాంటుకి గానీ ఒక్క చిల్లు లేదు." ఆమె మొహం చూసి ఆగాడు. "పాపకి నువ్వే మెల్లగా చెప్పు. అంతా ఒకేసారి చెప్పకు."

పక్క గది తలుపు జానెడు తెరుచుకుంది. టెస్సా తల బయటికి పెట్టింది. మేజోళ్ళు రెండూ నీళ్ళు ఓడుతున్నాయి. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... మెల్లగా మాట్లాడండి. నాన్న ఇప్పుడే పడుకున్నాడు."

పిల్ల వెనక చీకట్లో, తన కోసం చేయించిన చిన్న మంచం పెద్దమనిషి బరువుకి కిర్రుమంది. ఎవరో అటు నుంచి ఇటు ఒత్తిగిలారు.

వెస్లీ కూడా విన్నాడు. అతని చెయ్యి నడుం దగ్గర తుపాకీ మీదికి వెళ్ళింది.

"పెద్దమ్మా" అన్నాడు గుసగుసగా, "లోపల ఎవరున్నారు?"