మూల మంచం వంతు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. హాల్లో నాలుగు మంచాలు. నాలుగింటి మీదా తమంతట తాము పక్కకు తిరగలేని ముసలివాళ్లు. మూలన ఐదో మంచం, ఖాళీది.

వాళ్లను చూసుకునే ఆయా నడివయసు మనిషి. రెండేసి గంటలకు ఒక్కొక్కరినీ పక్క మార్చి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి. లేకపోతే ఒంటి బరువుకి చర్మం కమిలి పుండవుతుంది. ఆమెకు ఆ పని నేర్పింది పెద్దాయా. ఆ ఇంట్లోనే చాకిరీ చేసి చేసి, చివరికి కాలూ చెయ్యీ పడిపోతే, ఆ వృద్ధాశ్రమం నడిపే మేడమ్ జాలిపడి ఆ మూల మంచం ఇచ్చింది. జాలి మంచం వరకే వచ్చింది. తిప్పాల్సిన చేతులు ఆయావి. నలుగురినీ తిప్పి మూల దాకా వచ్చేసరికి ఆమెకు నడుం పట్టేసేది.

"నువ్వు మన మనిషివేగా పెద్దమ్మా, ఏమీ అనుకోవులే," అని తిప్పకుండానే వెళ్లిపోయేది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మంచాన పడ్డవాళ్ల దగ్గర ఆ మాట చెల్లదు. పెద్దాయా అడగలేదు. పుండు పడింది, ముదిరింది, పోయిన నెలలో ఆమె పోయింది. ఆయా ఏడవలేదు. దుప్పటి మార్చింది.

ఒక వాన మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయా మూడో మంచం మీది టైలర్ తాతను తిప్పబోతే, ఆయన అప్పటికే రెండో పక్కకు తిరిగి ఉన్నాడు. వీపు వెనక దిండు రెండుగా మడిచి ఉంది. దిండును అలా మడిచేది ఒక్క పెద్దాయానే.

"ఎవరు తిప్పారు తాతా?"

"ఎవరైతేనేం, కొలత తీసినట్టు తిప్పింది. నువ్వు తిప్పితే బస్తా దొర్లించినట్టుంటుంది." తాత గొంతు తగ్గించాడు. "చేతులే... మరీ చల్లగా ఉన్నాయమ్మాయ్."

మిగతా ముగ్గురూ తిరిగే ఉన్నారు. ఇంకొకరైతే కేకలు పెట్టి వీధిలో పడేవారు. ఆయా కుర్చీలో కూలబడింది, అంతే. ఆమెలో భయం కూడా ఎప్పుడో మొద్దుబారిపోయింది. మర్నాడూ అలాగే జరిగింది. దెయ్యమైతేనేం, కష్టం తప్పుతోంది కదా అనుకుంది. బతికుండగా తాను పట్టించుకోని మనిషితో చచ్చాక కూడా చాకిరీ చేయించుకోవడం తప్పని ఆమెకు తోచనే లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, చేతిలో పని లేక, మూల మంచం మీద నడుం వాల్చింది.

మెలకువ వచ్చేసరికి మబ్బు పట్టి గది నల్లబడింది. ఫినాయిల్ వాసన. దాని అడుగున ఇంకో వాసన... చీము వాసన. లేవబోయింది. కాలు కదల్లేదు. చెయ్యి కదల్లేదు. నోరు పెగల్లేదు.

రబ్బరు చెప్పుల చప్పుడు. టప్... టప్...

మొదటి మంచం కిర్రుమంది. దిండు తట్టిన చప్పుడు. రెండోది... టైలర్ తాతది... నాలుగోది...

చెప్పులు మూలకు వచ్చి ఆగాయి. వీపు కింద నిప్పు పెట్టినట్టు మంట. ఒక్కసారి తిప్పు... పెద్దమ్మా, ఒక్కసారి... అని లోపల్లోపలే గింజుకుంది.

చెవి పక్కన చల్లటి ఊపిరి.

"నువ్వు మన మనిషివేగా... ఏమీ అనుకోవులే."

చెప్పులు వెళ్లిపోయాయి.

"పేషెంట్ల మంచం మీద నిద్రేంటి? లే, టీ పెట్టు," అని మేడమ్ తట్టి లేపితే లేచింది. కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. స్నానాల గదిలో నడుం కింద తడుముకుంటే, అరచేయంత పుండు. వారాల తరబడి కదలక పడుంటే పడే పుండు. వేలితో నొక్కింది. నొప్పి లేదు. అసలేమీ లేదు.

మర్నాడు ఆయా ఎవరి వంతూ తప్పించలేదు. టైలర్ తాతను మెల్లగా తిప్పి, దిండు రెండుగా మడిచి వీపు వెనక పెడుతుంటే, ఆయన మూలకేసి చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, నువ్విక్కడుంటే... మరి ఆ మంచం మీద ఎవరు? పొద్దుట్నుంచీ తిప్పమని ఏడుస్తోంది. నీ గొంతే."

ఆయా చెవి ఒగ్గింది. ఆమెకేమీ వినిపించలేదు. నడుం కింద చీర మాత్రం మెల్లగా తడిసింది.